బొగ్గు వంచిన రైలుదారి

పెన్‌పహాడ్‌లో కొందరు చదువరులతో కూర్చుండి మాటలాడుచున్నపుడు ఒక పెద్ద రైతు మమ్ము ఇట్లు అడిగెను: "సారూ, పట్నం నుంచి బెజవాడకు పొయ్యే రోడ్డు మన సూర్యాపేట మీదికెల్లి పోతది. రైలేమో మనల్ని ఇడిసిపెట్టి కాజీపేట, డోర్నకల్ తిరిగి పోతది. ఎందుకట్ల?"

ప్రశ్న చిన్నది. సమాధానము నూట నలుబది ఏండ్ల నాటిది. ఆ సమాధానమునందు నేలబొగ్గు కలదు, లండను నగరపు కంపెనీలు కలవు, మన పూర్వులు చెల్లించిన భూమిశిస్తు కలదు. ఆ రైతునకు నాడు క్లుప్తముగా చెప్పిన దానిని ఇచట పాఠముగా విస్తరించి వ్రాయుచున్నాము. పటమొకటి ముందుంచుకొని చదువుడు.

పటములో సికిందరాబాదును, విజయవాడను గుర్తింపుడు. రోడ్డు చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా ఇంచుమించు తిన్నగా పోవును. హైదరాబాదు నుండి విజయవాడకు ఆ దారిన సుమారు 270 కిలోమీటర్లు. రైలుదారి యట్లు కాదు. అది భువనగిరి, జనగామ, కాజీపేట, వరంగల్ వైపు ఉత్తరముగా ఎక్కి, అచటి నుండి మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిరల మీదుగా దక్షిణమునకు దిగును. ఆ దారి సుమారు 350 కిలోమీటర్లు. దగ్గరి దారి యుండగా దూరపు దారి ఏల పట్టిరి? వరంగల్ వంటి ప్రాచీన నగరము ఆ దిక్కుననే యుండుట ఒక కారణము. కాని అంతకంటె బలమైన ఆకర్షణ ఒకటి డోర్నకల్‌కు తూర్పున నేలలో దాగియుండెను. అది బొగ్గు.

బరువు ఎక్కువ, వెల తక్కువ

మన ఇండ్లలో కుంపటికి వాడు బొగ్గు కట్టెను కాల్చి చేసినది. నేలబొగ్గు వేరు. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరములకు పూర్వము దట్టమైన అడవులు బురదలో కూరుకొని, వానిపై ఇసుక, మన్ను పొరలు పొరలుగా పేరుకొని, ఆ బరువునకును వేడికిని మ్రాను మారి నల్లరాయి యైనది. ప్రాణహిత–గోదావరి లోయ వెంట ఆదిలాబాదు ప్రాంతము నుండి ఖమ్మం ప్రాంతము దాటి గోదావరి జిల్లాల వరకు ఈ పొరలు వ్యాపించియున్నవి.

ఇక నేలబొగ్గు స్వభావమును గమనింపుడు. బంగారము కొలది తులములున్నను వెలగలది. దానిని ఒక మనిషి మూటగట్టి తేగలడు. బొగ్గు అట్టిది కాదు. టన్నుల కొలది యున్నగాని దానితో పని జరుగదు. గని నోటియొద్ద అది మిక్కిలి చౌక. మోసిన కొలదియు ధర పెరుగును. మోయు ఖర్చు కొంతదూరము పోవునప్పటికి సరకు వెలను మించిపోవును.

ఒక లెక్క వేసి చూతము. రెండెద్దుల బండి అర టన్ను బొగ్గు మోయుననియు, రోజునకు 25 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. ఇల్లెందు నుండి సికిందరాబాదునకు డోర్నకల్ మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. పోవుటకు పది దినములు, తిరిగి వచ్చుటకు పది దినములు. ఎద్దుల మేత, బండివాని బత్తెము, వానకాలములో వాగుల యొద్ద ఆగుట వేరు. ఉదాహరణకు 20 పెట్టెల గూడ్సు రైలు, పెట్టెకు 15 టన్నుల చొప్పున 300 టన్నులు తెచ్చుననుకొనిన, అదే సరకునకు 600 బండ్లు, 1,200 ఎద్దులు కావలెను. రైలు ఒక దినములో చేయు పనికి బండ్లు ఇరువది దినములు తీసికొనును.

కావున పందొమ్మిదవ శతాబ్దపు బొగ్గు కంపెనీ ఏదైనను రెండు పనులు చేయవలసి యుండెను. ఒకటి త్రవ్వుట. రెండవది పట్టాలు వేయుట, లేదా వేయించుకొనుట. రెండవ పని జరుగనిచో మొదటి పనికి ఫలము లేదు.

ఇంగ్లండులో, బెంగాలులో, నర్మదా లోయలో

నిజమునకు రైలు పుట్టినదే బొగ్గు కొరకు. ఇంగ్లండులో గని యజమానులు గని నుండి నదీతీరము వరకు కొయ్య పట్టాలు పరచి, వానిపై గుఱ్ఱములచే బండ్లను లాగించెడివారు. పిదప ఇనుప పట్టాలు వచ్చినవి. జార్జి స్టీఫెన్‌సన్ 1814లో కిల్లింగ్‌వర్త్ గనియొద్ద ఆవిరి ఇంజనుతో బొగ్గుబండ్లను లాగించెను. 1825 సెప్టెంబరు 27న ప్రారంభమైన స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుమార్గము కూడ డర్హం ప్రాంతపు బొగ్గును టీస్ నదికి చేర్చుటకై వేసినదే. మనుష్యులు ఎక్కి తిరుగు రైలు ఆ బొగ్గు రైలునకు తమ్ముడని చెప్పవచ్చును.

మన దేశములో మొదటి బొగ్గు ప్రయత్నము బెంగాలులో జరిగినది. 1774లో సమ్నర్, హీట్లీ అను ఆంగ్లేయులు రాణీగంజ్ ప్రాంతమున త్రవ్వకమునకు అనుమతి పొందిరి. ఆ పని నిలువలేదు. తరువాత 1836లో రాణీగంజ్ గని రవీంద్రనాథ ఠాకూరు తాతగారైన ద్వారకానాథ ఠాకూరు కంపెనీ చేతికి వచ్చెను. ఆ వ్యాపారమే పెరిగి 1843లో బెంగాల్ కోల్ కంపెనీ యయ్యెను. అయినను బొగ్గు కలకత్తా చేరుటకు దామోదర నదిలో పడవలే గతి. వానకాలములో నీరున్నపుడే పడవ కదలును. మిగిలిన నెలలలో బొగ్గు ఒడ్డున కుప్పపడి యుండును. 1855లో ఈస్టిండియన్ రైలు రాణీగంజ్ చేరిన పిదప ఈ చిక్కు విడిపోయెను.

చిన్న కంపెనీ గతి ఏమగునో తెలిసికొనుటకు మధ్యభారతమునందలి మోహపాని గనులను చూడవలెను. నర్మదా లోయలోని ఆ గనులను 1862లో నెర్బుడ్డా కోల్ అండ్ ఐరన్ కంపెనీ చేపట్టెను. వారి బొగ్గునకు పెద్ద ఖాతాదారు రైలు కంపెనీయే. సరకు మోయువాడును రైలు కంపెనీయే. కొనువాడు, మోయువాడు ఒక్కడే యైనపుడు అమ్మువాని బేరము సాగదు. 1904లో ఆ గనులను గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు కంపెనీయే కొనివేసెను.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ చాందా జిల్లాలోనిది. నేటి చంద్రపూర్ అదియే. తెలుగు కుటుంబములు చిరకాలముగా నివసించుచున్న ప్రాంతమది. అచటి వరోరా గనిని 1871 నుండి 1906 వరకు ప్రభుత్వమే నడిపెను. దానికై వార్ధా నుండి వరోరాకు ప్రత్యేకముగా రైలుదారి వేసిరి. ఈ చాందా పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. హైదరాబాదు చరిత్రలో అది మరల వచ్చును.

ఇల్లెందు నల్లరాళ్ళు

భద్రాచల రాముని దర్శింపబోవు యాత్రికులు ఇల్లెందు అడవులలో విడిది చేసి, మూడు రాళ్ళు పొయ్యిగా పెట్టి అన్నము వండుకొనుచుండగా ఆ రాళ్ళే అంటుకొన్నవని ఒక కథ చెప్పుకొందురు. కథ ఎట్లున్నను, శాస్త్రీయ పరిశోధన మాత్రము భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు చేసెను. 1871–72 ప్రాంతమున ఆయన ఈ బొగ్గు పొరలను కనుగొనెను. అచటి మేలైన పొరకు నేటికిని కింగు పొర యనియే పేరు.

గనులు ఇల్లెందులో పుట్టినను, సమీపమున కారేపల్లి యొద్దనున్న సింగరేణి గ్రామము పేర ఆ బొగ్గు ప్రసిద్ధమయ్యెను. ఒక చిన్న పల్లె పేరు దక్షిణ దేశమంతట రైలు ఇంజనుల కొలుములలో మారుమ్రోగెను.

బొగ్గు దొరికినది 1872 నాటికి. ఉత్పత్తి ఆరంభమైనది 1889లో. మధ్య పదియేడు సంవత్సరములు ఏల గడచినవి? బొగ్గున్న తావునకు పట్టాలు లేవు. ఆ నాటికి నిజాం రాజ్యములో ఉన్న రైలు 1874లో వాడి నుండి సికిందరాబాదునకు వేసినది మాత్రమే. ఆ దారి తూర్పునకు పెరిగినగాని ఇల్లెందు బొగ్గునకు విలువ రాదు. పెంచుటకు పెట్టుబడి కావలెను. పెట్టుబడి లండనులో ఉండెను.

1883: లెక్క అడిగినవారు

ఇచటనే మన పాఠములోని ముఖ్యమైన ఘట్టము వచ్చుచున్నది. ఉన్న రైలుదారిని ఒక లండను కంపెనీకి అప్పగించుటకును, ఆ కంపెనీ బెజవాడ వైపునకును చాందా వైపునకును కొత్త దారులు వేయుటకును ఒక పథకము సిద్ధమయ్యెను. దీనిని చాందా రైల్వే పథకమని పిలిచిరి. మొదటి సాలార్‌జంగు 1883 ఫిబ్రవరిలో మరణించెను. నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంకను మైనరు. రాజ్యము పెద్ద దిక్కు లేని స్థితిలో నుండెను. అట్టి వేళ ఇట్టి పెద్ద ఒడంబడిక జరుగుచుండెను.

ఒడంబడికలో కీలకమైన మాట గ్యారంటీ. దాని అర్థమును ఒక ఉదాహరణముతో తెలిపెదము. ఒకడు రైలు కంపెనీలో నూరు రూపాయలు పెట్టెననుకొనుడు. నూటికి అయిదు వడ్డీ ఇప్పించెదమని ప్రభుత్వము హామీ యిచ్చెననుకొనుడు. ఆ యేడు రైలు నూటికి మూడు రూపాయలే ఆర్జించినచో, మిగిలిన రెండు రూపాయలు ప్రభుత్వపు ఖజానా నుండి చెల్లింపవలెను. లాభము వచ్చినచో వాటాదారునిది. నష్టము వచ్చినచో ఖజానాది. ఖజానాకు రాబడి ఎచటి నుండి? ముఖ్యముగా రైతు చెల్లించు భూమిశిస్తు నుండి. అనగా సూర్యాపేట తాలూకా రైతు తాను ఎన్నడును ఎక్కని రైలునకు హామీదారు అయ్యెను.

ఈ విషయమును గ్రహించినవారు హైదరాబాదులో కొందరుండిరి. సరోజినీ నాయుడు తండ్రిగారును, విద్యాశాఖలో పనిచేయుచుండిన శాస్త్రజ్ఞులును అయిన అఘోరనాథ చట్టోపాధ్యాయులు వారిలో ఒకరు. ప్రభుత్వోద్యోగియైన ముల్లా అబ్దుల్ ఖయ్యూం మరియొకరు. వారు రైలు వద్దనలేదు. పథకపు షరతులేమి, ఖర్చెంత, ప్రజలపై పడు భారమెంత, ఇవి బహిరంగముగా తెలుపవలెనని కోరిరి. హిందువులును ముస్లిములును కలిసి సభలు జరిపిరి. హైదరాబాదు రాజ్యములో తొలి ప్రజాందోళనగా చరిత్రకారులు దీనిని పేర్కొందురు.

లెక్క అడిగినందులకు లభించిన సమాధానము శిక్ష. 1883 మే నెలలో అఘోరనాథులను ఉద్యోగము నుండి తప్పించి రాజ్యము నుండి బహిష్కరించిరి. అబ్దుల్ ఖయ్యూంపైనను చర్య తీసికొనిరి. ఆ యేటి డిసెంబరులోనే ఒడంబడిక పూర్తియయ్యెను. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండనులో ఏర్పడెను. పెట్టుబడిపై నూటికి 5 చొప్పున 20 సంవత్సరములు వడ్డీ చెల్లించుటకు నిజాం ప్రభుత్వము బద్ధమయ్యెను. అఘోరనాథులు కొంతకాలమునకు తిరిగి హైదరాబాదు రాగలిగిరి గాని, వారడిగిన ప్రశ్నలకు అప్పటికి కాలము మించిపోయెను.

రెండు కంపెనీలు, ఒక బొగ్గు

రైలు వరంగల్ చేరినది 1886లో. ఆ సంవత్సరమే గనుల హక్కు కూడ ఒక లండను కంపెనీకి దక్కెను. హైదరాబాదు దక్కన్ కంపెనీ అను ఆ సంస్థకు నిజాం రాజ్యములోని ఖనిజములపై 99 ఏండ్లకు హక్కు లభించెను. రైలు ఒడంబడిక కుదుర్చుటలో నిజాం ప్రభుత్వపు ప్రతినిధిగా లండనులో పనిచేసిన అబ్దుల్ హక్, సర్దార్ దిలేర్-ఉల్-ముల్క్ అను బిరుదు గలవాడు, ఈ గనుల బేరమునందును ప్రధాన పాత్ర వహించెను.

కంపెనీ మూలధనము 10 లక్షల పౌనులు; వాటాకు 10 పౌనుల చొప్పున లక్ష వాటాలు. వానిలో 85,000 వాటాలను హక్కు సంపాదించిన పెట్టుబడిదారులు, తాము సొమ్ము చెల్లింపకయే, పూర్తిగా చెల్లించిన వాటాలుగా తమకే వ్రాసికొనిరి. పిదప నిజాం ప్రభుత్వముచేత కూడ వాటాలను ముఖవిలువ కంటె హెచ్చు ధరకు కొనిపించిరి. తన నేలలోని బొగ్గును ఊరక యిచ్చినవాడు తిరిగి అందులో వాటాను హెచ్చు వెలకు కొనవలసి వచ్చెను. అమ్మిన వాటాలలో అబ్దుల్ హక్ సొంత వాటాలుండెనని బయటపడినపుడు పెద్ద అలజడి కలిగెను. 1888లో అతడు పదవి కోల్పోయెను. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు కామన్సు సభ ఈ కంపెనీ పుట్టుక గూర్చి విచారించుటకు ఒక సెలెక్టు కమిటీని నియమించెను.

అయిదేండ్ల క్రిందట అఘోరనాథులు, వారి మిత్రులు కోరినది ముందుగా లెక్క చూపుడనియే. ముందుగా చూపియుండినచో తరువాత విచారణ అవసరము ఉండెడిది కాదేమో. ఈ విషయమును పాఠకులు ఆలోచింపవలెను.

ఇంతలో పట్టాల పని సాగుచునే యుండెను. 1888లో రైలు డోర్నకల్ చేరెను. ఆ యేడే డోర్నకల్ నుండి ఇల్లెందు గనులకు శాఖామార్గము పడెను. 1889 ఫిబ్రవరిలో ప్రధానమార్గము బెజవాడ చేరెను. ఆ 1889లోనే ఇల్లెందు బొగ్గు ఉత్పత్తి మొదలయ్యెను. క్రమమును గమనింపుడు: మొదట హక్కు, తరువాత పట్టాలు, చివరకు బొగ్గు. పట్టాలు పడువరకు బొగ్గు ఆగినది.

గని లోపలి రైలు

రైలు గని బయటనే ఆగదు, లోపలికిని పోవును. ఆ కాలపు గనులలో ఏటవాలుగా లోనికి దిగు దారి త్రవ్వెడివారు. దానిని ఇంక్లైను అందురు. లోపల పొరయంతయు ఒక్కసారి త్రవ్వినచో పైకప్పు కూలును. కావున మన పాత కోవెలల మండపమువలె, బొగ్గునే స్తంభములుగా విడిచి, మధ్య గదులు గదులుగా త్రవ్వెడివారు. పైకప్పునకు కఱ్ఱ దిమ్మెలు ఆనించెడివారు.

గెడ్డపారతో పెకలించిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులలో నింపెడివారు. టబ్బు అనగా చిన్న చక్రముల పెట్టె. సింగరేణి గనులలో తట్టా చెమ్మస్ పని యనిన ఇదియే. చెమ్మస్ అనునది పార. నిండిన టబ్బులను సన్నని పట్టాలపై త్రోసికొని ఇంక్లైను యొద్దకు తెచ్చినచో, పైనున్న యంత్రము ఉక్కు త్రాడుతో వానిని వెలుపలికి లాగును. వెలుపల జల్లెడలపై బొగ్గును పెద్దది, చిన్నది, పొడి యని వేరుచేసి, రైలుపెట్టెలలో పోయుదురు.

కావున ఒక బొగ్గుపెళ్ళ మూడు రైళ్ళు ఎక్కును. గనిలో టబ్బు, ఇల్లెందు నుండి డోర్నకల్‌కు శాఖారైలు, డోర్నకల్ నుండి లోకమునకు పెద్దరైలు. మొదటి రైలును లాగినది మనిషి భుజము. చీకటిలో, ఉక్కలో, కప్పు ఎప్పుడు జారునో తెలియని చోట గుత్తేదారుల క్రింద కూలికి పనిచేసిన ఆ మనుష్యుల పేర్లు కంపెనీ వాటాదారుల పట్టికలో లేవు. తెలంగాణ పల్లెలలో "బొగ్గుబాయి పని" అను మాటకు నేటికిని ఉన్న బరువు ఆ నాటి నుండి వచ్చినది.

దారి వంగిన ఫలితము

బెజవాడ చేరిన బొగ్గునకు దక్షిణ దేశమంతయు తెరచుకొనెను. బెజవాడ నుండి కాలువలున్నవి. గుంతకల్లు వైపు దారి పడెను. 1893లో కృష్ణపై రైలు వంతెన కట్టిరి. 1899 నాటికి మద్రాసు వరకు తీరపు దారి పూర్తియయ్యెను. అంతకు పూర్వము దక్షిణాది రైళ్ళు కట్టెలతోను, ఓడలలో వచ్చు సీమబొగ్గుతోను నడచుచుండెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున సింగరేణి ఏటేట నాలుగు లక్షల టన్నులకు పైబడి బొగ్గు తీయుచుండెను. దానిని ఎక్కువగా కొన్నది రైళ్ళే. రైలు బొగ్గును మోసినది, బొగ్గు రైలును నడిపినది.

రైలు పట్టిన ఊళ్ళు పెరిగినవి. డోర్నకల్ జంక్షను అయ్యెను. కాజీపేట రైలు ఊరుగా వెలసెను. ఖమ్మం వ్యాపార కేంద్రమయ్యెను. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా దారి పూర్తియై చాందా ప్రాంతముతో కలియగా, ఆ దారి వెంట బెల్లంపల్లి గనులు వృద్ధిచెందెను. 1883లో తలపెట్టిన ఉత్తరపు దారి ఇట్లు సుమారు 45 ఏండ్లకు నెరవేరెను. సూర్యాపేట, కోదాడ, పెన్‌పహాడ్ ప్రాంతములు మాత్రము బండ్లతోను, తరువాత బస్సులతోను, లారీలతోను నెట్టుకొని వచ్చినవి. మిర్యాలగూడకు రైలు వచ్చినది స్వాతంత్ర్యానంతరము బీబీనగర్–నడికుడి మార్గము వేసిన పిదపనే. సూర్యాపేట పట్టణమునకు నేటికిని రైలు స్టేషను లేదు.

మా రైతు మిత్రుని ప్రశ్నకు సమాధానమిదియే: రైలు మనుష్యులున్న చోటికి గాక బరువున్న చోటికి పోయెను. మన మార్గమున నాడు పెద్ద బరువు లేదు. వరి, పప్పులు, నూనెగింజలు ఉండెను గాని అవి లండను కంపెనీ కంటికి ఆనలేదు. అయినను ఆ రైలు గ్యారంటీలో మన శిస్తు కలదు.

ప్రజల చేతికి వచ్చుట

1920లో దక్కన్ కంపెనీ వ్యాపారము సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అను పేరు ధరించెను. రైలును 1930 ఏప్రిలులో నిజాం ప్రభుత్వము కొనివేసెను. గనుల కంపెనీలో అధిక వాటాలను 1945లో కొనెను. స్వాతంత్ర్యానంతరము రైలు 1950లో భారత ప్రభుత్వము అధీనమయ్యెను. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడెను. సింగరేణి 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1960లో కేంద్రము కూడ అందులో భాగస్వామి యయ్యెను. నేడు దానిలో తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతుల వాటా కలదు. వాటాదారు లండనులో లేడు. ఓటువేయు పౌరుడే తుది యజమాని. యజమాని యైనవాడు లెక్క చూడక తప్పదు.

నేటి పాఠము

ఇదియంతయు పాత కథ యనుకొనరాదు. నూట నలుబది ఏండ్ల తరువాత బొగ్గు బరువు మన వైపునకు తిరిగినది. మిర్యాలగూడ సమీపమున దామరచర్ల మండలము వీర్లపాలెము వద్ద యాదాద్రి తాప విద్యుత్కేంద్రము వెలసినది. దాని సామర్థ్యము ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు, మొత్తము 4,000 మెగావాట్లు. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు కలవు. వాని బట్టీలకును బొగ్గు కావలెను. మిర్యాలగూడ మిల్లుల బియ్యము రైలులో దూరదేశములకు పోవుచున్నది. ఇటీవలి సంవత్సరములలో డోర్నకల్ నుండి మిర్యాలగూడ వైపునకును, సూర్యాపేట మీదుగా గద్వాల వైపునకును కొత్త మార్గముల కొరకు సర్వేలు చేపట్టబడినవి. ఆ గీతల క్రింద కొందరి పొలములున్నవి. వారికి భయమున్నది. రైలు రావలెనని కోరువారికి ఆశ యున్నది. రెండును న్యాయమైనవే.

ఇట్టి వేళ 1883 పాఠము మనకు పనికివచ్చును. రైలు వద్దనుట మా ఉద్దేశము కాదు. అఘోరనాథులును అట్లనలేదు. అడుగవలసినవి అడుగుట పౌరుని ధర్మము. ఈ దారి ఎవరి బరువు మోయును? దానిపై సామాన్యుని బండి ఆగునా, గూడ్సు బండ్లు మాత్రమే పోవునా? మా గ్రామమునకు దగ్గరగా స్టేషను వచ్చునా? భూమి కోల్పోవువానికి ఎంత, ఎప్పుడు ముట్టును? వాగు దారులకు, పొలము దారులకు క్రింద వంతెనలు విడుతురా? ఖర్చులో ఎవరి వంతు ఎంత?

నాడు ఈ ప్రశ్నలడిగిన పండితునికి దేశాంతరవాసము ప్రాప్తించెను. నేడు అడుగుటకు చట్టమే తోడున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెల్ల కాగితముపై వ్రాసి అడిగినను, సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలసిన బాధ్యత కార్యాలయమునకు కలదు. గ్రామసభ కలదు. ఎన్నుకొన్న ప్రతినిధులున్నారు. సమాచార శాఖలో పనిచేయు మేము కూడ ఈ ప్రశ్నలను ఆటంకములుగా గాక, పనిని సక్రమముగా నడుపు బ్రేకులుగా చూడవలెనని నమ్ముచున్నాము. బ్రేకులు లేని ఇంజను ఎంత బలమైనదైనను దానిని పట్టాలపైకి ఎవరును వదలరు గదా!

పెన్‌పహాడ్ రైతు ఈ కథ యంతయు విని, కొంత తడవు ఊరకుండి, "అయితే సారూ, ఈసారి గీత గీసెటప్పుడే అడగాలె, పట్టాలు పడ్డంక అడిగితే ఏం లాభం" అనెను. మేము చెప్పదలచిన పాఠమును ఆయన మాకంటె క్లుప్తముగా చెప్పినాడు.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. బంగారపు గనికి లేని రైలు అవసరము బొగ్గు గనికి ఏల కలిగినది?

2. నూటికి అయిదు వడ్డీ హామీ యుండి, రైలు నూటికి నాలుగు ఆర్జించినచో ఖజానా నుండి ఎంత చెల్లింపవలెను? ఆ సొమ్ము ఎవరిది?

3. 1872లో దొరికిన బొగ్గు 1889 వరకు వెలికి రాకుండుటకు కారణమేమి?

4. మీ గ్రామము మీదుగా కొత్త రోడ్డుగాని, రైలుగాని, కాలువగాని రాబోవుచున్నదని తెలిసినచో గ్రామసభలో అడుగవలసిన అయిదు ప్రశ్నలు వ్రాయుడు.